అక్కడ తెగిన పెళ్లి ఇక్కడ తెగినట్టేనా?

1975 ఫిబ్రవరిలో తిరుపతిలో ఒక పెళ్లి జరిగింది. 1978లో దంపతులు విడిపోయారు. అమెరికాలో ఉంటున్న భర్త మొదట తిరుపతి కోర్టులోనే విడాకుల పిటిషన్ వేశాడు. తర్వాత మిస్సోరీ రాష్ట్రంలోని సెయింట్ లూయిస్ కౌంటీ కోర్టులో ఇంకొకటి వేశాడు. అక్కడ 90 రోజుల నివాసం చూపిస్తే చాలు. భార్య ఇక్కణ్ణుంచే జవాబు పంపింది, అదీ అభ్యంతరం చెబుతూనే. 1980లో ఆమె హాజరు లేకుండానే అక్కడ డిక్రీ వచ్చేసింది. 1981 నవంబరులో ఆయన యాదగిరిగుట్టలో రెండో పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య క్రిమినల్ కేసు పెట్టింది. అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 1991లో కోర్టు చెప్పిన మాట ఒకటే: ఆ డిక్రీ ఇక్కడ చెల్లదు.

అంటే పదేళ్లకు పైగా ఆ పెళ్లి మిస్సోరీలో లేదు, ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. భార్యాభర్తలు చెరో దేశంలో ఉన్నప్పుడు విడాకుల అసలు చిక్కు ఇదే. ఏ దేశంలో తొందరగా అవుతుంది అని అందరూ అడుగుతారు. అడగాల్సింది వేరే ఉంది: ఆ కోర్టు ఇచ్చే కాగితాన్ని ఇంకో దేశం నమ్ముతుందా?

విదేశీ తీర్పును మన కోర్టులు ఎప్పుడు ఒప్పుకోవాలో 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 13వ సెక్షన్ చెబుతుంది. మామూలుగా అయితే విదేశీ తీర్పు మనకూ తుది తీర్పే, కానీ ఆరు మినహాయింపులు ఉన్నాయి. అధికారం లేని కోర్టు ఇచ్చినా, బాగోగులు విచారించకుండా ఇచ్చినా, వర్తించాల్సిన మన చట్టాన్ని పక్కన పెట్టినా, అవతలివాళ్లకు చెప్పుకునే అవకాశం ఇవ్వకపోయినా, మోసంతో తెచ్చుకున్నా, మన చట్టానికి విరుద్ధమైన హక్కును నిలబెట్టినా చెల్లదు. పెళ్లి కేసులకు ఈ ఆరింటినీ ఎలా అన్వయించాలో చెప్పిందే తిరుపతి కేసు తీర్పు. దాని సారం ఇది: ఏ చట్టం కింద పెళ్లి చేసుకున్నారో ఆ చట్టం ఒప్పుకునే కోర్టే, ఆ చట్టం ఒప్పుకునే కారణంతోనే పెళ్లిని రద్దు చేయాలి.

దీనికి తీర్పే మూడు దారులు వదిలింది. కేసు ఎదుర్కొంటున్న మనిషి ఆ దేశంలోనే స్థిరంగా ఉంటూ, మన చట్టంలో ఉన్న కారణంతో విడాకులు ఇస్తే చెల్లుతుంది. ఆ మనిషి తనంతట తాను ఆ కోర్టుకు వెళ్లి, మన చట్టంలో ఉన్న కారణం మీదే గట్టిగా వాదించుకుంటే చెల్లుతుంది. లేదా, ఆ కోర్టుకు అధికారం ఉన్నా లేకపోయినా, ఆ మనిషి విడాకులకు ఒప్పుకుంటే చెల్లుతుంది.

మొదటి రెండింటిలోనూ ‘మన చట్టంలో ఉన్న కారణం’ అనే షరతు ఉంది చూశారా, ఎక్కువమంది బోల్తా పడేది అక్కడే. అమెరికాలో ప్రతి రాష్ట్రంలోనూ ఎవరి తప్పూ నిరూపించకుండా, ‘ఇక మేం కలిసి ఉండలేం’ అంటే విడాకులు వస్తాయి. ఇంగ్లండ్‌లో 2022 ఏప్రిల్ 6 నుంచి అదే పద్ధతి. హిందూ వివాహ చట్టంలో మాత్రం అలాంటి కారణమే లేదు. క్రూరత్వం, రెండేళ్ల పాటు వదిలేసి పోవడం, వివాహేతర సంబంధం, మతం మారడం వంటివి చూపించాలి, లేదా ఇద్దరూ ఒప్పుకోవాలి. పెళ్లి పూర్తిగా విఫలమైందని విడాకులు ఇచ్చే అధికారం రాజ్యాంగం 142వ అధికరణం కింద సుప్రీంకోర్టుకు ఉందని 2023 మేలో అయిదుగురు జడ్జీల బెంచి చెప్పింది. అయితే అది ఫ్యామిలీ కోర్టుకో హైకోర్టుకో దక్కిన అధికారం కాదు. కాబట్టి డల్లాస్‌లో పదేళ్లుగా ఉంటున్న భార్యాభర్తల్లో ఒకరు అక్కడే కేసు వేసి, రెండోవారు ఇష్టం లేకుండా ఓడిపోయినా, ఆ డిక్రీ మీద ఇక్కడ ప్రశ్న లేవనెత్తడానికి సందు ఉంటుంది.

హిందూ వివాహాల సంగతే ఎక్కువగా చెబుతున్నాను, ఎందుకంటే తీర్పులు ఎక్కువ వాటి మీదే ఉన్నాయి. స్పెషల్ మ్యారేజ్ చట్టం కింద పెళ్లి జరిగితే చూడాల్సిన కారణాలు ఆ చట్టంలోవి, క్రైస్తవ వివాహ చట్టం కింద జరిగితే 1869 నాటి విడాకుల చట్టంలోవి. ఇక గల్ఫ్ నుంచి ఫోన్‌లోనో వాట్సాప్‌లోనో మూడుసార్లు తలాక్ చెప్పేస్తే అయిపోయిందనుకోవడం 2019 చట్టం తర్వాత కుదరదు. అది చెల్లకపోవడమే కాదు, మూడేళ్ల దాకా జైలుశిక్ష పడే నేరం.

విదేశీ కోర్టు నుంచి కవరు వస్తే

ఇక్కడ ఉన్న భార్యకో భర్తకో అక్కడి కోర్టు నుంచి సమన్లు వచ్చాయనుకుందాం. చుట్టాల్లో ఎవరో ఒకరు తప్పకుండా ఒక సలహా ఇస్తారు: ‘పట్టించుకోకు, అది ఇక్కడ చెల్లదులే.’ సగం నిజమైన సలహాలు పూర్తి అబద్ధాల కంటే ప్రమాదం. మీరు మాట్లాడకుండా ఊరుకుంటే వచ్చే ఎక్స్‌పార్టీ డిక్రీ ఇండియాలో బలహీనమైనదే, ఒప్పుకుంటాను. కానీ అక్కడ అది బతికే ఉంటుంది. అవతలి మనిషి అక్కడి చట్టం ప్రకారం ఒంటరివాడు, మళ్లీ పెళ్లి చేసుకోవచ్చు. డిపెండెంట్ వీసా మీద ఉన్నవారికి ఆ డిక్రీతో వీసా ఆధారమే పోతుంది, అమెరికాలో హెచ్-4 వాళ్లకు జరిగేది అదే. అక్కడి ఇల్లు, బ్యాంకు ఖాతాలు, రిటైర్‌మెంట్ సొమ్ము గురించి మీ తరఫున అడిగేవాళ్లే ఉండరు.

అలాగని హడావిడిగా లాయర్‌ని పెట్టి అన్ని ఆరోపణలకూ జవాబు ఇచ్చేస్తే, ఆ కోర్టు అధికారాన్ని మీరే ఒప్పుకున్నట్టు అయ్యే ప్రమాదం ఉంది. రెండింటికీ మధ్య ఒక దారి ఉంది. తిరుపతి కేసులో ఆ భార్య చేసింది అదే. ‘ఈ కోర్టుకు నా మీద అధికారం లేదు’ అని చెప్పడానికి మాత్రమే జవాబు ఇవ్వడం, అదీ రాతపూర్వకంగా. అలా చేస్తే లొంగినట్టు కాదని సుప్రీంకోర్టు అంది. అంతేకాదు, నోటీసు చేతికి అందితే సరిపోదు, అవసరమైతే ప్రయాణం, బస, కోర్టు ఖర్చులతో సహా వాదించుకునే నిజమైన అవకాశం ఉండాలని కూడా చెప్పింది. ఆ వాక్యం రాసిన జడ్జీలకు హైదరాబాద్ నుంచి సెయింట్ లూయిస్‌కు టికెట్ అంటే ఏమిటో తెలుసు.

అమెరికా చట్టంలోనూ ఇలాంటి వాళ్లకు ఒక రక్షణ ఉంది, దాని గురించి మనవాళ్లు పెద్దగా మాట్లాడరు. భర్త ఉన్న రాష్ట్రపు కోర్టు అతడి నివాసం ఆధారంగా పెళ్లిని రద్దు చేయగలదు. కానీ ఆ రాష్ట్రంతో ఏ సంబంధమూ లేని భార్య భరణం హక్కును ఆమె లేకుండా తుడిచేయలేదు. 1948లో అమెరికా సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. పెళ్లి తెగడం వేరు, డబ్బు లెక్క వేరు అన్నమాట. అక్కడి లాయర్‌తో మాట్లాడేటప్పుడు మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే: నా మీద ఈ కోర్టుకు ఉన్న అధికారం ఎంతవరకు?

సమన్లు ఎలా వచ్చాయో కూడా చూడాలి. కోర్టు కాగితాలు దేశం దాటి అందజేయడానికి 1965 నాటి హేగ్ ఒప్పందం ఉంది, ఇండియాలో 2007 ఆగస్టు నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం విదేశీ సమన్లు కేంద్ర న్యాయశాఖ ద్వారా రావాలి. నేరుగా పోస్టులో పంపడానికి ఇండియా అభ్యంతరం తెలిపింది. కొరియర్‌లో వచ్చింది కదా అని చించి పారేయకండి. తేదీతో సహా కవరు దాచండి, తర్వాత అది మీకే పనికొస్తుంది.

ఇక్కడ కేసు వేయాలంటే

హిందూ వివాహ చట్టం 19వ సెక్షన్ ప్రకారం పెళ్లి జరిగిన ఊళ్లో, ఇద్దరూ చివరిగా కలిసి కాపురం చేసిన చోట, అవతలివారు ఉంటున్న చోట కేసు వేయవచ్చు. కేసు వేసేది భార్య అయితే తాను ఉంటున్న చోటే వేయవచ్చు, 2003లో వచ్చిన సవరణ అది. అవతలివారు దేశంలోనే లేకపోతే, వేసేవారు ఎవరైనా సరే తాము ఉంటున్న ఊరి ఫ్యామిలీ కోర్టుకు వెళ్లవచ్చు. చాలామంది పెళ్లి అన్నవరంలోనో, తిరుమలలోనో చేసుకుని కాపురం న్యూజెర్సీలో పెడతారు. అలాంటి వాళ్లకు పెళ్లి జరిగిన చోటు పెద్ద ఆసరా.

ఇద్దరూ ఒప్పుకుంటే మాత్రం కొండంత చిక్కు కొంతైనా కరుగుతుంది. హిందూ వివాహ చట్టం 13-బి సెక్షన్ కింద పరస్పర అంగీకార విడాకులకు ఏడాది విడిగా ఉండి ఉండాలి. మొదటి పిటిషన్ వేశాక ఆరు నెలలు ఆగాలి, 18 నెలల లోపు రెండోసారి ఇద్దరూ అదే మాట చెప్పాలి. ఆ ఆరు నెలల గడువు తప్పనిసరి కాదని, తగిన కేసుల్లో కోర్టు మాఫీ చేయవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. విదేశాల్లో ఉన్నవాళ్లకు ఎక్కువ పనికొచ్చే మాట అదే తీర్పులో ఇంకొకటి ఉంది. రాలేని సరైన కారణం ఉంటే వీడియో కాన్ఫరెన్స్ ద్వారా గానీ, అమ్మానాన్నలో తోబుట్టువులో వంటి దగ్గరివాళ్ల ద్వారా గానీ నడిపించవచ్చు. ఇద్దరూ విదేశంలోనే ఉన్నా ఈ దారి మూసుకుపోదు.

దగ్గరివాళ్లు నడపాలంటే పవర్ ఆఫ్ అటార్నీ కావాలి. దాన్ని ఇండియన్ కాన్సులేట్‌లో సంతకం చేసి ధ్రువీకరించుకోవాలి, లేదా అక్కడి నోటరీ తర్వాత అపోస్టిల్ ముద్ర (కాగితం వేరే దేశంలోనూ చెల్లేలా అక్కడి అధికారులు ఇచ్చే ధ్రువీకరణ) వేయించుకోవాలి. అది ఇండియా చేరాక మూడు నెలల లోపు స్టాంపు డ్యూటీ కట్టాలి. ఈ చివరి సంగతి మర్చిపోయి వాయిదా మీద వాయిదా పోగొట్టుకునేవాళ్లు తక్కువేమీ కాదు. అపోస్టిల్ ఒప్పందంలో లేని యూఏఈ లాంటి దేశాల నుంచి అయితే ఎంబసీ అటెస్టేషన్ దారి పట్టాలి. కెనడా 2024 జనవరిలోనే ఆ ఒప్పందంలోకి వచ్చింది, అంతకు ముందు రాసిన సలహాలు చదివి కంగారు పడొద్దు.

ఒకరు ఒప్పుకోకపోతే? అప్పుడు ఇక్కడొక కేసు, అక్కడొక కేసు పరుగుపందెంలా మొదలవుతాయి. మీరు అక్కడి కేసు ఆపమని ఇక్కడి కోర్టును అడగవచ్చు, కానీ మన కోర్టులు ఆ ఆదేశం ఇవ్వడానికి చాలా వెనకాడతాయి. 2018లో ఫ్లోరిడాలో నడుస్తున్న ఒక విడాకుల కేసు విషయంలో సుప్రీంకోర్టు అలాంటి ఆదేశం ఇవ్వడానికి ఒప్పుకోలేదు. విదేశంలో ఉన్న భర్త అనగానే పారిపోయినవాడే అనుకోనక్కర్లేదు. ఇక్కడి కోర్టులో ఏళ్ల తరబడి వాయిదాలు, అవతలి పక్షం ఉద్దేశపూర్వకంగా సాగదీయడం, ఆ టెన్షన్ భరించలేక అక్కడ కేసు వేసేవాళ్లూ ఉన్నారు. వాళ్లకైనా చెప్పేది ఒకటే. ఇండియాతో మీకు ఆస్తి గానీ, మళ్లీ పెళ్లి గానీ ఏ సంబంధం ఉన్నా, అవతలివారు నిజంగా వచ్చి వాదించుకోగలిగేలా చూసి తెచ్చుకున్న డిక్రీయే మీకు కాపలా కాస్తుంది. ఆరు వారాల నివాసం చాలు కదా అని నెవాడా వెళ్లి తెచ్చుకున్నది కాదు.

పిల్లలు

పెద్దవాళ్ల కేసులో కోర్టు ఎంపిక కొంతవరకు మన చేతిలో ఉంటుంది. పిల్లల విషయంలో అంత ఉండదు. అమెరికాలో చాలావరకు, కేసుకు ముందు ఆరు నెలలు వరుసగా పిల్లవాడు ఏ రాష్ట్రంలో ఉన్నాడో ఆ రాష్ట్రమే కస్టడీ తేలుస్తుంది. మన గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం పిల్లవాడు మామూలుగా ఉంటున్న చోటును చూస్తుంది. అందుకే విడాకుల కేసు గుంటూరులో, కస్టడీ కేసు కాలిఫోర్నియాలో నడవడం వింతేమీ కాదు.

సెలవులకని పిల్లలతో వచ్చి ఇక్కడే ఉండిపోవడం చాలా ఇళ్లలో జరుగుతుంది. కొట్టే భర్త నుంచి తప్పించుకునే తల్లికి అదొక్కటే తోవగా కనిపించవచ్చు, ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ దాని వెనక ఏముందో తెలిసి చేయాలి. పిల్లలను ఒక దేశం నుంచి ఇంకో దేశానికి అక్రమంగా తీసుకెళ్లడంపై 1980లో వచ్చిన హేగ్ ఒప్పందంలో అమెరికా, బ్రిటన్ ఉన్నాయి, ఇండియా లేదు. కాబట్టి అక్కడి కోర్టు ‘వెనక్కి పంపండి’ అన్నంత మాత్రాన ఇక్కడ ఆటోమేటిగ్గా అమలు కాదు. పిల్లల మేలే అన్నిటికన్నా ముఖ్యమని, విదేశీ ఆదేశాన్ని చూడాల్సిన అంశాల్లో ఒకటిగా మాత్రమే తీసుకోవాలని 2017లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. దీన్ని చూసి ఇక్కడికి వచ్చేస్తే గెలిచినట్టేనని అనుకుంటే పొరపాటు. 2019లో హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక కేసులో, అమెరికాలో పెరుగుతున్న ఇద్దరు పిల్లలను తిరిగి అక్కడికే తీసుకెళ్లాలని అదే సుప్రీంకోర్టు ఆదేశించింది. పైగా అమెరికాలో 1993 చట్టం ప్రకారం ఒక తల్లి గానీ తండ్రి గానీ రెండోవారి హక్కును కాదని పిల్లలను దేశం దాటించడం నేరం, మూడేళ్ల దాకా జైలుశిక్ష పడవచ్చు. అంటే తిరిగి వెళ్తే విమానాశ్రయంలోనే అరెస్టు భయం. హింస నుంచి తప్పించుకుంటున్నట్టయితే బయల్దేరే ముందే అక్కడి పోలీసు రిపోర్టు, రక్షణ ఆదేశం, డాక్టర్ కాగితాలు చేతిలో ఉండాలి. ఇక్కడికి వచ్చాక వాటిని సంపాదించడం ఎంతో కష్టం.

డబ్బు, ఆస్తి

కాలిఫోర్నియా, టెక్సస్ లాంటి రాష్ట్రాల్లో పెళ్లయ్యాక సంపాదించింది సాధారణంగా ఇద్దరిదీ. మన చట్టంలో అలా లేదు. ఎవరి పేరు మీద ఉంటే వారిదే, భార్యకు స్త్రీధనం మీద హక్కు, దానికి తోడు భరణం. అందుకే అక్కడ ఇల్లు, జీతం, పొదుపు ఉన్న భర్త విషయంలో భార్యకు అక్కడి కోర్టే మేలు కావచ్చు. చెల్లదని కొట్టిపారేసేముందు లెక్క వేసుకోండి. మరోవైపు, ఇక్కడి పొలం గానీ ఫ్లాటు గానీ ఎవరిదో అమెరికా కోర్టు నేరుగా తేల్చలేదు. స్థిరాస్తి ఎక్కడుందో ఆ ఊరి కోర్టుదే అధికారం.

భరణం కోసం ఇక్కడ కేసు వేయడం కష్టం కాదు. గృహహింస చట్టం కింద అయితే ఆమె తాత్కాలికంగా ఉంటున్న చోట కూడా వేయవచ్చు. 2020లో సుప్రీంకోర్టు చెప్పిన ప్రకారం ఇద్దరూ ఆదాయం, ఆస్తుల అఫిడవిట్ ఇవ్వాలి, భరణం పిటిషన్ వేసిన తేదీ నుంచే లెక్క. వసూలు దగ్గరే అసలు తిప్పలు. డిక్రీలను పరస్పరం అమలు చేసుకునే దేశాల జాబితా ఒకటి ఉంది. బ్రిటన్, సింగపూర్ అందులో ఉన్నాయి, యూఏఈ 2020 జనవరిలో చేరింది. అమెరికా లేదు. కాబట్టి అతడి పేరు మీద ఇండియాలో ఏముంది అన్నదే ప్రశ్న. అత్తమామల సొంత ఇల్లు అందులోకి రాదు, ఎంత కోపం ఉన్నా సరే.

ఇంకో సంగతి. గ్రీన్‌కార్డు కోసం భార్యకు అఫిడవిట్ ఆఫ్ సపోర్ట్ (ఆమె పోషణ బాధ్యత నాదేనని రాసిచ్చే పత్రం) ఇచ్చిన భర్తకు విడాకులతో ఆ బాధ్యత తీరిపోదు. అది అమెరికా ప్రభుత్వంతో చేసుకున్న ఒప్పందం. ఆమె పౌరసత్వం తీసుకునే దాకానో, నిర్ణీత కాలం పనిచేసే దాకానో, దేశం వదిలి వెళ్లిపోయే దాకానో ఉంటుంది.

మళ్లీ పెళ్లికి ముందు

విదేశీ డిక్రీ చేతిలో ఉన్నవాళ్లు దాన్ని ఇక్కడ ఎక్కడ రిజిస్టర్ చేయించాలని అడుగుతుంటారు. అలాంటి ఆఫీసు లేదు. డిక్రీ మీద ఎవరికీ అనుమానం లేకపోతే సర్టిఫైడ్ కాపీ, దానిపై అపోస్టిల్ సరిపోతాయి. జిరాక్స్ కాపీని నమ్ముకోవద్దు. తిరుపతి కేసులో డిక్రీ ఫొటోకాపీ సాక్ష్యంగా పనికిరాదని హైకోర్టు దశలోనే చిక్కు వచ్చింది. ఎక్స్‌పార్టీ డిక్రీ అయితే, లేదా రెండోవారు గొడవ పడతారనిపిస్తే, ఫ్యామిలీ కోర్టులో ‘నా వివాహ స్థితి ఇది’ అని తేల్చమని దావా వేయవచ్చు, ఫ్యామిలీ కోర్టుల చట్టం 7వ సెక్షన్ ఆ అధికారం ఇచ్చింది. పెళ్లి ముహూర్తం పెట్టుకున్నాక కాదు, ముందే.

ఇక్కడి కోర్టు ఇచ్చిన విడాకులైనా మర్నాడే పెళ్లి చేసుకోకూడదు, అప్పీలుకు 90 రోజుల గడువు ఉంది. మొదటి పెళ్లి చట్టరీత్యా బతికి ఉండగా రెండోది చేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలుశిక్ష. మొదటి పెళ్లి దాచిపెట్టి చేసుకుంటే పదేళ్ల దాకా. ఆ రెండో పెళ్లి మీద ఆధారపడిన వీసా కూడా కూలిపోవచ్చు. పెళ్లికూతురి తరఫువాళ్లు అబ్బాయి జీతం, ఇల్లు, కారు అన్నీ అడుగుతారు. అతడికి ఇంతకుముందు పెళ్లయి ఉంటే, ఆ డిక్రీ ఏ కోర్టుది, మొదటి భార్య హాజరైందా లేదా అని కూడా అడిగి, కాపీ తెప్పించుకుని ఒక లాయర్‌కి చూపించండి.